క్రిప్టో మాటలకు అర్థం తెలిశాకే అడుగు
పదం వెనకే ఉంది ప్రమాదం.. కొత్తవారు తెలుసుకోవలసిన వివరాలివి

వాలెట్, స్టేబుల్‌కాయిన్, లెవరేజ్, లిక్విడేషన్... సెల్‌ఫోన్‌లో ఒక్క యాప్ తెరిస్తే చాలు, ఇలాంటి పదాలు వరుసగా ఎదురవుతాయి. వీటి అర్థం తెలియకుండానే కష్టార్జితాన్ని క్రిప్టో మార్కెట్‌లో పెట్టి నష్టపోతున్నవారు ఉన్నారు. ఈ పదాలను విడమరచి చూస్తే రెండు సంగతులు బోధపడతాయి. సొమ్ము ప్రస్తుతం ఎవరి అధీనంలో ఉంది? తేడా వస్తే నష్టం ఎవరు భరించాలి? ఈ రెండింటికీ సమాధానం తెలిసిన తరువాతే మొదటి రూపాయి బయటకు తీయడం శ్రేయస్కరం.

మూల పదాలు

క్రిప్టోకరెన్సీ: ఏ ప్రభుత్వమూ ముద్రించని, కంప్యూటర్ల వ్యవస్థలో లెక్కల రూపంలో మాత్రమే ఉండే ఆస్తి. మన దేశంలో దీనికి చట్టబద్ధ ద్రవ్యం హోదా లేదు. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి వేరు, క్రిప్టో వేరు. డిజిటల్ రూపాయికి రిజర్వు బ్యాంకు బాధ్యత వహిస్తుంది. క్రిప్టోకు అలాంటి హామీ ఏదీ లేదు.

బ్లాక్‌చైన్: లావాదేవీల ఖాతా పుస్తకం. ఇది ఒకరి వద్ద కాక, వేలాది కంప్యూటర్లలో ఒకే నకలుగా ఉంటుంది. కొత్త లావాదేవీలను ఒక కట్టగా చేర్చి, పాత కట్టకు గొలుసులా జతపరుస్తారు. ఒకసారి నమోదై, స్థిరపడిన పద్దును వెనక్కి తిప్పడం దాదాపు అసాధ్యం. పొరపాటున వేరొకరి చిరునామాకు పంపిన సొమ్మును రప్పించే బ్యాంకు మేనేజరు ఇక్కడ ఉండడు.

బిట్‌కాయిన్: తొలి క్రిప్టోకరెన్సీ. సతోషీ నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న దీని ప్రణాళిక వెలువడింది. 2009 జనవరి 3న తొలి బ్లాక్ ఏర్పడింది. ఆ పేరు వెనుక ఉన్నదెవరో నేటికీ నిర్ధారణ కాలేదు. బిట్‌కాయిన్ల గరిష్ఠ సంఖ్య 2.10 కోట్లు. ఒక్క బిట్‌కాయిన్‌ను 10 కోట్ల భాగాలుగా విభజించవచ్చు. ఆ అతి చిన్న భాగమే సతోషీ. కనుక కొనదలచినవారు పూర్తి నాణెమే కొనాలన్న నియమం లేదు.

మైనింగ్, హాల్వింగ్: లావాదేవీలను సరిచూసి కొత్త బ్లాక్‌ను చేర్చే కంప్యూటర్ల పోటీ మైనింగ్. గెలిచినవారికి కొత్త బిట్‌కాయిన్లు ప్రతిఫలంగా దక్కుతాయి. సుమారు నాలుగేళ్లకు ఒకసారి ఈ ప్రతిఫలం సగానికి తగ్గడమే హాల్వింగ్. ఆరంభంలో బ్లాక్‌కు 50 బిట్‌కాయిన్లు దక్కగా, 2024 ఏప్రిల్‌లో జరిగిన హాల్వింగ్‌తో అది 3.125కు దిగింది.

ఆల్ట్‌కాయిన్: బిట్‌కాయిన్ కాని ఇతర నాణేలన్నింటికీ ఉమ్మడి పేరు. 2015లో మొదలైన ఎథీరియం వీటిలో ప్రముఖమైనది.

స్టేబుల్‌కాయిన్: డాలరు వంటి కరెన్సీతో సమానంగా విలువ నిలుపుతామని చెప్పే నాణెం. పేరులో స్థిరత్వం ఉన్నంత మాత్రాన విలువ స్థిరంగా ఉంటుందన్న భరోసా లేదు. టెర్రా యూఎస్‌డీ అనే స్టేబుల్‌కాయిన్ 2022 మేలో డాలరుతో బంధం తెగి కుప్పకూలింది. దానికి జంటగా ఉన్న లూనా నాణెం విలువ కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకు చేరింది.

తాళం ఎవరి దగ్గర?

వాలెట్, ప్రైవేట్ కీ: వాలెట్ అంటే నాణేలు దాచుకునే సంచి కాదు. నాణేలు బ్లాక్‌చైన్‌లోనే ఉంటాయి. వాటిని కదిలించే రహస్య సంకేతమైన ప్రైవేట్ కీని భద్రపరిచేదే వాలెట్. ఇంటర్‌నెట్‌తో అనుసంధానమై ఉంటే హాట్ వాలెట్, విడిగా పరికరంలో ఉంటే కోల్డ్ వాలెట్ అంటారు.

సీడ్ ఫ్రేజ్: వాలెట్‌ను తిరిగి పొందడానికి ఇచ్చే పదాల వరుస. సాధారణంగా 12 లేదా 24 పదాలు ఉంటాయి. ఈ పదాలు పోగొట్టుకుంటే ఇంటి తాళంచెవి పోయినట్లే. పైగా తాళం బద్దలుకొట్టే వీలు కూడా ఉండదు. వీటిని ఎవరు అడిగినా చెప్పరాదు. ఫొటో తీసి ఫోన్‌లో ఉంచడమూ ప్రమాదమే.

ఎక్స్ఛేంజ్: కొనేవారిని, అమ్మేవారిని కలిపే వేదిక. సాధారణంగా ఇక్కడ కొన్న నాణేల తాళం ఎక్స్ఛేంజ్ చేతిలోనే ఉంటుంది. ఖాతాలో కనిపించే అంకె, ఆ సంస్థ మనకు బాకీ ఉన్నట్లు చెప్పే లెక్క మాత్రమే. జపాన్ కేంద్రంగా నడిచిన మౌంట్ గాక్స్ 2014లో, బహామాస్ కేంద్రంగా నడిచిన ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరులో దివాలా తీశాయి. మన దేశంలోని వజీర్‌ఎక్స్‌పై 2024 జులైలో జరిగిన సైబర్ దాడిలో సుమారు 2 వేల కోట్ల రూపాయల విలువైన క్రిప్టో చోరీకి గురైంది. ఖాతాదారులు తమ నాణేలను వెనక్కి తీసుకోలేక నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న బీమా రక్షణ క్రిప్టోకు వర్తించదు.

కొనుగోలు, అమ్మకం

మార్కెట్ ఆర్డర్, లిమిట్ ఆర్డర్: అప్పటికి ఉన్న ధరకు వెంటనే కొనడం లేదా అమ్మడం మార్కెట్ ఆర్డర్. తాను కోరిన ధర వస్తేనే లావాదేవీ జరగాలని షరతు పెట్టడం లిమిట్ ఆర్డర్.

స్టాప్ లాస్: ధర ఒక స్థాయికి పడిపోతే అమ్మేయాలని ముందే ఇచ్చే ఆదేశం. ధర వేగంగా జారిపోతున్నప్పుడు అనుకున్న దానికన్నా తక్కువకే అమ్ముడుపోయే అవకాశం ఉంది.

స్ప్రెడ్, లిక్విడిటీ: మార్కెట్ యార్డులో రైతు ఆశించే ధరకు, వ్యాపారి ఇస్తానన్న ధరకు మధ్య ఉండే తేడా వంటిదే స్ప్రెడ్. కొనుగోలుదారులు ఎక్కువగా ఉండి, సరకు తేలికగా చేతులు మారితే లిక్విడిటీ ఉన్నట్లు. లేకపోతే తెర మీద ధర ఎంత ఉన్నా, కొనేవారు లేక అది అంకెగానే మిగిలిపోతుంది.

మార్కెట్ క్యాప్: ఒక్కో నాణెం ధరను చలామణిలోని నాణేల సంఖ్యతో హెచ్చిస్తే వచ్చే మొత్తం. పది పైసలకే దొరుకుతోంది కదా అని కొనేవారు ఈ లెక్క చూడాలి. ఆ నాణేలు లక్ష కోట్లు చలామణిలో ఉంటే వాటి మొత్తం విలువ అప్పటికే 10 వేల కోట్ల రూపాయలు. ఒక్కోటి 100 రూపాయలకు చేరాలంటే మొత్తం విలువ 100 లక్షల కోట్లు కావాలి. అది మన దేశ వార్షిక స్థూల ఉత్పత్తిలో నాలుగో వంతుకు మించిన మొత్తం.

బుల్, బేర్: ధరలు పెరిగే దశ బుల్, తరిగే దశ బేర్. బిట్‌కాయిన్ 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లకు ఎగబాకి, ఏడాది తిరిగేసరికి 16 వేల డాలర్ల స్థాయికి పడిపోయింది. సగం నష్టపోయిన సొమ్ము తిరిగి అసలుకు చేరాలంటే 50 శాతం పెరిగితే చాలదు, 100 శాతం పెరగాలి.

అప్పుతో ఆట

మార్జిన్, లెవరేజ్: చేతి సొమ్మును హామీగా పెట్టి, దానికి కొన్ని రెట్ల విలువైన వ్యాపారం చేయడం లెవరేజ్. ఆ హామీ సొమ్మే మార్జిన్.

లిక్విడేషన్: నష్టం మార్జిన్‌ను మింగేసే దశకు రాగానే వేదిక తనంతట తానే ఆ వ్యాపారాన్ని మూసివేయడం. ఉదాహరణకు 10 వేల రూపాయలతో పది రెట్ల లెవరేజ్ తీసుకుంటే లక్ష రూపాయల వ్యాపారం చేసినట్లు. ధర 10 శాతం తగ్గితే పెట్టిన 10 వేలూ పోతాయి. ఆచరణలో అంతకు కాస్త ముందే ఖాతా మూతపడుతుంది. మరునాడు ధర కోలుకున్నా ప్రయోజనం ఉండదు. క్రిప్టోలో 10 శాతం హెచ్చుతగ్గులు అరుదేమీ కాదు.

సెబీ పర్యవేక్షణలోని షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోనే 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయినట్లు ఆ సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం తేల్చడం గమనార్హం.

మోసాల మాటలు

పంప్ అండ్ డంప్: ఒక ముఠా తక్కువ ధరకు నాణేలు కొని, వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊదరగొట్టి ధర పెంచి, కొత్తవారికి అంటగట్టి తప్పుకోవడం.

రగ్ పుల్: నాణెం సృష్టించినవారే సొమ్ముతో ఉడాయించడం. కాలి కింద తివాచీ లాగేసినట్లన్నమాట. కొరియా వెబ్ సిరీస్ స్క్విడ్ గేమ్ పేరు వాడుకొని వచ్చిన నాణెం 2021 నవంబరు 1న 2,800 డాలర్లకు పైగా చేరి, నిమిషాల్లోనే దాదాపు సున్నాకు పడిపోయింది. కొన్నవారికి అమ్ముకునే వీలే లేకపోయింది.

గ్యారంటీ రిటర్న్: రోజుకు ఇంత శాతం ఖాయమన్న మాట వినపడితే మోసమని అనుమానించాలి. నకిలీ యాప్‌లో లాభాలు చూపి, ఆశ పెంచి, వెనక్కి తీసుకోబోతే పన్ను కట్టాలనో, ఫీజు కట్టాలనో మరింత గుంజడం వీరి పద్ధతి. మొదట్లో చిన్న మొత్తం వెనక్కి ఇవ్వడం కూడా నమ్మకం కలిగించే ఎర మాత్రమే.

చట్టం, పన్ను

క్రిప్టో లావాదేవీలకు బ్యాంకులు సేవలందించరాదంటూ 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2023 మార్చిలో క్రిప్టో సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. దీంతో అవి కేంద్ర ఆర్థిక నిఘా విభాగంలో నమోదు కావలసి ఉంటుంది. అయితే ఆ నమోదు పెట్టుబడికి హామీ కాదు.

ఆదాయపు పన్ను చట్టంలో క్రిప్టోను వర్చువల్ డిజిటల్ ఆస్తి అంటారు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనిపై లాభానికి 30 శాతం పన్ను, దానిపై సెస్సు విధిస్తున్నారు. లక్ష రూపాయలకు కొని లక్షన్నరకు అమ్మితే 50 వేల లాభంపై 15 వేలు పన్ను, 4 శాతం సెస్సుతో కలిపి 15,600 రూపాయలు చెల్లించాలి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తగ్గించుకునే వీలు లేదు. 2022 జులై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన అమ్మకాల మొత్తంపై 1 శాతం టీడీఎస్ కూడా మినహాయిస్తున్నారు. దీనిని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

సొమ్ము పెట్టే ముందు..

* తాళం తన వద్ద ఉందా, సంస్థ వద్ద ఉందా చూసుకోవాలి.
* పెట్టిన మొత్తం పూర్తిగా పోయినా ఇల్లు గడుస్తుందా లెక్కవేసుకోవాలి. అప్పు తెచ్చిన సొమ్ము, పిల్లల చదువుకో పెళ్లికో దాచిన సొమ్ము ఇందులో పెట్టరాదు.
* ముందుగా కొద్ది మొత్తమే కొని, అమ్మి, బ్యాంకు ఖాతాకు చేరిన తరువాతే ముందుకు సాగాలి. అలా చేరినంత మాత్రాన సంస్థ నమ్మదగినదని తేలిపోదు.
* మోసపోయామని గుర్తించిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. బ్యాంకు ఖాతాల్లో ఉన్న సొమ్మును స్తంభింపజేసే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. అది క్రిప్టోగా మారి వేరొకరి వాలెట్‌కు వెళ్లిపోతే తిరిగి రాబట్టడం కష్టసాధ్యం.