పక్షవాతము వచ్చిన వెనుక: పాశ్చరు పండితుని చరిత్రము



పక్షవాతమనునది పల్లెలలోని పెద్దలకు క్రొత్త మాట కాదు. నిన్నటి సాయంకాలము పొలముగట్టున నడచినవాడు, నేటి యుదయమున నోరు వంకరపోయి, ఒక ప్రక్క చేయియు గాలును చచ్చువడి మంచము పట్టుట మనలో బెక్కండ్రు కన్నులార జూచినదే. అట్టివానిని జూచి వచ్చినవారు గడప దాటుచు నాడు మాట యొక్కటే: "ఇక అంతే." ఈ రెండు ముక్కలు సత్యమా యని చరిత్రము నడిగి చూచుటయే నేటి నా ప్రసంగమున కుద్దేశము.

మన ప్రాచీన వైద్యు లీ రోగమును లెస్సగా గుర్తించిరి. చరకసంహిత చికిత్సాస్థానమునందును, సుశ్రుతసంహిత నిదానస్థానమునందును, వాతవ్యాధులలో బక్షవధము, పక్షాఘాతము అను పేళ్లతో దీని లక్షణములు చెప్పబడియున్నవి. సుశ్రుతుడు దీనిలో సాధ్యము, కష్టసాధ్యము, అసాధ్యము అను భేదములను జూపెనే గాని యన్నిటిని అసాధ్యములని త్రోసివేయలేదు. గ్రీకు దేశపు హిపోక్రటీసు వైద్యసంప్రదాయములో మాత్రము, తీవ్రమైన దెబ్బ మానదనియు, స్వల్పమైనది సయితము సులభముగా మానదనియు జెప్పిరి.

రోగస్థానము చేయియు గాదు, కాలును గాదు, మెదడని శోధించి చూపినవారిలో స్విట్జర్లాండు దేశపు వెప్ఫరు ముఖ్యుడు. ఆయన మృతకళేబరములను బరీక్షించి, మెదడులో రక్తము చిందియుండుటను గనుగొని, 1658వ సంవత్సరమున గ్రంథముగా వెలువరించెను. మెదడునకు బోవు రక్తనాళము గడ్డచే బూడుకొనుట యొక విధము; నాళము పగిలి రక్తము చిందుట రెండవ విధము. మెదడులోని కుడిభాగము శరీరపు టెడమ ప్రక్కను, ఎడమభాగము కుడి ప్రక్కను నడపును గాన, దెబ్బ యొక ప్రక్క, చచ్చుదనము వేరొక ప్రక్క గానవచ్చును.

ఇక మన కథానాయకుడు. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ పాశ్చరు 1822 డిసెంబరు 27వ తేదీన జన్మించెను. పిచ్చికుక్క కాటునకు మందు కనిపెట్టిన మహనీయుడుగా మనకాయన పేరు తెలియును. కాని యా పని చేయునప్పటికే యాయన పక్షవాతరోగి యని యెరిగినవారు తక్కువ. 1865 మొదలు ఆయన ఫ్రాన్సు దక్షిణభాగమున, అలే పట్టణ ప్రాంతమున, పట్టుపురుగులను నాశనము చేయుచున్న తెగుళ్లను శోధించుచుండెను. ఆ కాలముననే తండ్రి గతించెను. 1865, 1866 సంవత్సరములలో ఇరువురు కూతుళ్లు మరణించిరి. అంతకు మునుపే 1859లో బెద్దకూతురు పోయియుండెను. ఇంత దుఃఖమును, ఇంత శ్రమయు మోయుచుండగా 1868 అక్టోబరు 19వ తేదీన బారిసు నగరమున నాయనకు రోగము తగిలెను. అప్పటికి వయస్సు నలువదియైదు. ఎడమప్రక్క యంతయు జచ్చువడెను. నాటి వైద్యులు చెవుల వెనుక జలగలను బట్టించిరి. అంతకుమించి వారిచేత నున్న సాధనములు మిక్కిలి యల్పములు.

ఇచ్చట రెండు సంగతులను మీరు గమనింప బ్రార్థించుచున్నాను. మొదటిది: మాటయు బుద్ధియు నిలిచినవని తెలిసినంతనే, వారము దినములు గడచునంతలో, పాశ్చరు మంచముననుండి పట్టుపురుగుల తెగులును గూర్చి యొక వ్యాసమును శిష్యునిచే వ్రాయించెను. రెండవది: ఆయనకై నిర్మింపబడుచున్న పరిశోధనాలయపు బని యప్పుడే నిలిచిపోయెను. ఈ మనుజుడు బ్రతుకడు, బ్రతికినను బనికిరాడు, కట్టడమెందులకని యధికారులు తలచిరి. రోగి యా సంగతి గ్రహించి కుమిలిపోగా, మిత్రులు చక్రవర్తియైన మూడవ నెపోలియనునకు విన్నవించి పని మరల సాగించిరని, పాశ్చరు చరిత్రమును రచించిన యాయన యల్లుడు చెప్పియున్నాడు.

ఈ కట్టడపు గథ నా మనస్సున నాటుకొన్నది. మనయిండ్లలోను ఇట్లే జరుగుచున్నది గదా! తండ్రికి వాతము తగిలిన మరునాటినుండి పాలేరు జీతమును గూర్చి యాయన నడుగరు. మనుమరాలి సంబంధమును గూర్చి యాయనతో జెప్పరు. ఆయన మంచము వసారా మూలకు జేరును. దేహము సగము చచ్చినది. తక్కిన సగమును మనమే చంపుచున్నాము. మందులేని కాలముననే పాశ్చరునకు మేలు చేసిన వస్తువేదన, తనకింకను బని యున్నదను నమ్మకము. ఇది నా యభిప్రాయము.

మూడు మాసములైన నిండకమున్నే, 1869 జనవరిలో, రైలుబండిలో బరుండబెట్టుకొని యాయనను మరల పట్టుపురుగుల సీమకు గొనిపోయిరి. భార్య మారీ ఆయనకు జేయియు గలమునై యుండెను. ఆయన చెప్పగా నామె వ్రాసెను. పట్టుపురుగుల తెగుళ్లను గూర్చిన యాయన గ్రంథము 1870లో వెలువడెను. గ్రుడ్లు పెట్టిన తల్లి చిలుకను సూక్ష్మదర్శినితో బరీక్షించి, తెగులు లేనిదాని గ్రుడ్లనే యుంచవలెనను నాయన పద్ధతి మన హిందూపురము, మదనపల్లె ప్రాంతములవంటి పట్టుసీమలలో నేటికిని విత్తనపు బరీక్షకు మూలము.

1881లో బుయీ లె ఫోరు గ్రామమున గొఱ్ఱెల దొమ్మరోగమునకు టీకా వేసి, పదిమంది యెదుట నిరూపించెను. టీకా వేసిన గొఱ్ఱె లిరువదియైదు, వేయనివి యిరువదియైదు. 1885 జులై 6వ తేదీన పిచ్చికుక్క కరచిన జోసెఫు మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు జికిత్స ప్రారంభమయ్యెను. 1888లో బారిసున పాశ్చరు సంస్థ తెరువబడెను. 1907లో నీలగిరులందు గూనూరున దక్షిణ హిందూదేశపు పాశ్చరు సంస్థ వెలసినది. నాటి మదరాసు రాజధానిలోని మన జిల్లాలవారికి గూడ నిది శరణ్యమయ్యెను.

అయితే సత్యము దాచరాదు. పాశ్చరు ఎడమచేయి మరల బూర్వమువలె గాలేదు. నడకలో గుంటుదనము కడవరకు నిలిచెను. 1887లో మరల దెబ్బ తగిలి మాట తడబడెను. సున్నితమైన చేతిపనులను శిష్యులే చేసిరి. 1895 సెప్టెంబరు 28వ తేదీన ఆయన పరమపదించెను. కోలుకొనుట యనగా మునుపటి దేహము తిరిగివచ్చుట యనియే యెంచరాదు. మిగిలిన దేహముతో మరల జీవించుట యని యెరుగవలెను. మొదటి దెబ్బ తరువాత నాయన జీవించిన యిరువదియారు సంవత్సరములే దీనికి సాక్ష్యము.

మెదడు మరల నేర్చుకొనునా యనుటకు సమాధానము తరువాతి శతాబ్దమున దొరకెను. అమెరికాలో పెద్రో బాకిరిత యను పండితుడు అరువదియైదవ యేట వాతమున బడెను. కుమారుడు జార్జి, తండ్రికి నడక నేర్పుటకు ముందు పసిబిడ్డకువలె దోగాడుట నేర్పెను, గోలీలాడించెను, నేలపై నాణెములు పరచి చచ్చుచేతితో నేరించెను, గిన్నెలు తోమించెను. ఏడాదికి తండ్రి మరల బోధనవృత్తి కేగెను. డెబ్బదిరెండవ యేట గుండెజబ్బుచే మరణించిన వెనుక మెదడును బరీక్షింపగా, దెబ్బతిన్న భాగ మట్లే యుండెను. తక్కిన భాగములు దాని పని నేర్చుకొన్నవి. పెద్దకాలువకు గండి పడినప్పుడు రైతులు పిల్లకాలువలను ద్రవ్వి మడికి నీరు పెట్టినట్లే యిదియు జరిగినది. ముప్పదియైదేండ్లు పసివారిచేత నక్షరములు దిద్దించిన నాకు దీనియందు వింత తోచలేదు. దిద్దినదే దిద్దుటయే విద్య.

అయినను దిద్దించుటకు గురువు కావలయును. మనదేశమున 14 వైద్యశాలలలో 1250 మంది రోగులపై జరిగి 2017లో బ్రకటితమైన యొక పరీక్షలో, ఇంటివారికి శిక్షణమిచ్చి వారిచేతనే వ్యాయామము చేయించినందున, వాడుకలోనున్న చికిత్సకంటె నధిక ఫలము కానరాలేదు. 2015లో బ్రకటితమైన వేరొక పెద్ద పరీక్షలో, తొలి యిరువదినాలుగు గంటలలోనే రోగిని మిక్కుటముగా లేపి నడపించుట మేలు చేయదని తేలెను. కావున ప్రేమయొక్కటే చాలదు, తొందరయు దగదు. అంగవ్యాయామ మెరిగిన వైద్యుడు చూపిన మేరకు, మాట పోయినచో మాట నేర్పు నిపుణుడు చెప్పిన మేరకు, ప్రతిదినము సాధన చేయించవలెను.

ఇక మొదటి గడియల మాట. మూతి వంకరపోయినను, చేయి పైకెత్తిన జారిపడినను, మాట ముద్దయైనను, ఆ గడియ చూచుకొని 108కి వర్తమానము పంపుడు. గడ్డచే నాళము పూడినవారికి గడ్డ కరగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల నీయవలెను. కొందరికి నాళములోనికి సన్నని గొట్టము పంపి గడ్డను దీయుదురు. మెదడు చిత్రము తీయక యే విధమైన రోగమో తెలియదు. పావురపు రక్తము పూయుచు గూర్చున్నచో నా నాలుగున్నర గంటలును గడచిపోవును. మ్రింగుట సరిగానున్నదని వైద్యుడు చెప్పువరకు నోట నీరైనను బోయరాదు. చచ్చుచేయి పట్టి లాగి లేపరాదు. రక్తపుపోటు, మధుమేహము గలవారు మందు మానరాదు; పొగచుట్ట మానవలెను.

గ్రామపెద్దలారా! మీ మాటకు బదిమంది విలువ నిత్తురు. వాతరోగి యింటికి బోయినప్పుడు "ఇక అంతే" యను మాట మీ నోట రానీయకుడు. ఆయన మంచముకడ గూర్చుండి యూరి సంగతి చెప్పి, ఆయన యాలోచన యడుగుడు. ఆయన సమాధానము తడబడినను, ఆలసించినను, ముగియువరకు వేచియుండుడు.

స్వస్తి.