పిల్లతనం ఎవరికి ఎన్నేళ్లు?



1897లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టానికి ఒక సవరణ తెచ్చింది. "నేరస్థ జాతి" అని ముద్ర వేసిన కుటుంబాల నుంచి 4 ఏళ్లు మొదలు 18 ఏళ్ల వరకు ఉన్న పిల్లల్ని విడదీసి సంస్కరణ సెటిల్‌మెంట్లలో పెట్టొచ్చన్నది అందులో ఉంది. 1924 చట్టానికి వచ్చేసరికి అది 6 నుంచి 18 ఏళ్లు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద, కావలిలో బాప్టిస్టు మిషన్ చేతికింద ఎరుకల కుటుంబాలు బతికింది ఈ చట్టాల నీడలోనే.

ఆ 18 అనే అంకె దగ్గర కాస్త ఆగండి. ఆ వయసు దాకా మనిషి బుద్ధి ఎదుగుతూ ఉంటుందన్న జాలితో పెట్టిన అంకె కాదది. పిల్లవాడని ఎంతకాలం అంటే, తల్లి ఒడి నుంచి అంతకాలం దూరంగా ఉంచొచ్చు. అదీ లెక్క.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో "కౌమారం" అనే మాటకు శాస్త్ర హోదా వచ్చింది. స్టాన్లీ హాల్ అనే మనస్తత్వవేత్త 1904లో రెండు సంపుటాల పెద్ద పుస్తకం రాశాడు. ఆ వయసును తుఫానుతో పోల్చాడు. మన పాఠాల్లో హాల్ గురించి అంతవరకే చెబుతారు. అదే పుస్తకంలో వలస పాలన కింద ఉన్న ప్రజల్ని "కౌమార జాతులు" అన్న అధ్యాయం కూడా ఉందని చెప్పరు. అంటే తెల్లవాడి కొడుకుకు కౌమారం దాటిపోయే దశ, మిగతా వాళ్లకు జాతి లక్షణం. ఈ శాస్త్రం పుట్టుకలోనే ఆ మచ్చ ఉంది.

అయితే మచ్చ ఉందని శాస్త్రాన్ని పారేయలేం. 1979లో పీటర్ హుటెన్‌లాకర్ చనిపోయిన వాళ్ల మెదడు కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాడు. నుదుటి వెనక భాగంలో నాడీకణాల మధ్య సంధులు చిన్న పిల్లల్లో పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతాయని చూపాడు. 1999లో జే గీడ్ బృందం 145 మంది పిల్లల ఎమ్మారై స్కాన్లు ప్రచురించింది. మెదడు ముందు భాగంలో బూడిద పదార్థం ఆడపిల్లల్లో దాదాపు 11, మగపిల్లల్లో 12 ఏళ్ల దాకా పెరిగి, ఆ తర్వాత పలచబడుతోంది. జొన్న చేలో ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పీకి పలచన చేస్తామే, అలాంటిది. వాడిన దారులు గట్టిపడతాయి, వాడనివి పోతాయి. ఆవేశాన్ని ఆపే, ముందుచూపు నిచ్చే ఈ భాగం కుదురుకోవడం ఇరవైల మధ్య దాకా సాగుతుంది. కోరికనూ భయాన్నీ రేపే భాగాలు మాత్రం అంతకుముందే జోరందుకుంటాయి.

దీన్నుంచి "పదహారేళ్ల వాడికి మంచీ చెడూ తెలీదు" అనుకుంటే పొరపాటు. నింపాదిగా కూర్చోబెట్టి అడిగితే వాడు పెద్దవాళ్లలాగే జవాబిస్తాడు. తేడా అంతా నలుగురు స్నేహితులు చుట్టూ ఉన్నప్పుడు, ఒళ్లు వేడెక్కినప్పుడు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కారు నడిపే కంప్యూటర్ ఆటతో చూపింది ఇదే. పక్కన తోటివాళ్లు ఉంటే కౌమారంలో ఉన్నవాళ్లు తీసుకునే ప్రమాదాలు బాగా పెరిగాయి, పెద్దవాళ్లలో అలా జరగలేదు.

అదే ఏడాది రోపర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 18 నిండకముందు చేసిన నేరానికి మరణశిక్ష కూడదంది. మంచిదే. కానీ ఆ దేశంలో నల్ల పిల్లవాడికి పిల్లతనం ఎంతవరకు దక్కింది? 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు కేసులో 14 నుంచి 16 ఏళ్ల ఐదుగురిని, నలుగురు నల్లవాళ్లు, ఒక లాటినో, గంటల తరబడి ప్రశ్నించి నేరం ఒప్పించారు. 2002లో అసలు దోషి బయటపడ్డాక శిక్షలు రద్దయ్యాయి. 2014లో ఫిలిప్ గాఫ్ బృందం చూపిన విషయం ఇంకా చేదు. నేరం అంటగట్టిన నల్ల పిల్లల వయసును చూసేవాళ్లు అసలు కంటే నాలుగేళ్లకు పైగా ఎక్కువగా అంచనా వేశారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2012 ఢిల్లీ ఘటన తర్వాత మైనర్ వయసు తగ్గించాలని గోల మొదలైంది. జస్టిస్ వర్మ కమిటీ వద్దంది. 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పార్లమెంటు స్థాయీ సంఘమూ వద్దంది. అయినా 2015 డిసెంబర్‌లో చట్టం చేసేశారు. ఘోర నేరం, అంటే కనీస శిక్ష 7 ఏళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం ఆరోపణ వస్తే, 16 నుంచి 18 ఏళ్ల వాడిని పెద్దవాడిగా విచారించొచ్చా అని జువనైల్ జస్టిస్ బోర్డు తేలుస్తుంది. 15వ సెక్షన్ ప్రకారం చూడాల్సింది నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే శక్తి, జరిగిన పరిస్థితులు. ఘటన జరిగాక, నిశ్శబ్దమైన గదిలో, కుర్చీలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలివి. అక్కడ వాడు చక్కగానే జవాబిస్తాడు. ఆ జవాబుకీ ఆ రోజు వాడి మెదడు ఉన్న స్థితికీ సంబంధం లేదన్నదే కదా ముప్పై ఏళ్ల పరిశోధన చెప్పింది!

ఇప్పుడు దీని పక్కన పోక్సోను పెట్టండి. 2012లో ఆ చట్టంతో సమ్మతి వయసు 16 నుంచి 18కి పెరిగింది. పిల్లల రక్షణకు ఆ చట్టం అవసరం, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఒక జంటను ఊహించండి. అతను వెలివాడ కుర్రాడు, ఆమె ఊళ్లోని పెద్ద కులం పిల్ల, ఇద్దరికీ 17. ఇష్టపడి వెళ్లిపోయారు. అమ్మాయి తండ్రి స్టేషన్‌కి వెళ్తాడు. "మా పిల్లకేం తెలుసు, ఇంకా పసిది" అంటాడు. చట్టమూ అదే అంటుంది. కుర్రాడి మీద పెట్టే సెక్షన్‌కు 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 10 ఏళ్లు. అంటే అది ఘోర నేరం, అంటే 15వ సెక్షన్ పరీక్ష. ఒకే వయసు, ఒకే రాత్రి, ఒకే నిర్ణయం. ఆమె మెదడు పిల్ల మెదడు, వాడిది పెద్దవాడిదో కాదో బోర్డు తేల్చాలి.

మానసిక ఆరోగ్యం సంగతీ ఇందులోదే. జీవితకాలపు మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్లకు, మూడొంతులు 24 ఏళ్లకు మొదలవుతాయని 2005లో కెస్లర్ బృందం అమెరికా సర్వేతో చెప్పింది. తోటివాళ్లు వెలివేస్తే మనసు బాగా గాయపడే వయసు కూడా అదే. బడిలో బాబాసాహెబ్‌ను విడిగా గోనెసంచి మీద కూర్చోబెట్టారు, ప్యూను పోస్తేనే నీళ్లు. ఆ గాయాల్ని ఆయన నడివయసులో కూర్చుని రాసుకున్నారు. హాస్టల్లో కులం పేరుతో పిలిపించుకునే ఇంటర్ పిల్లవాడు కోపంతో చెయ్యెత్తితే దాన్ని ప్రవర్తన లోపమని రాస్తారు. వాడికి నిద్రపట్టడం లేదని ఎవరూ రాయరు.

లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క పని చేయండి. 2022 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివిన సభ్యులు లేకపోతే ఈ పరీక్షకు నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని చెప్పింది. మీ జిల్లా బోర్డులో అలాంటివాళ్లు ఉన్నారో లేదో కనుక్కోండి. నిపుణుడు లేకుండా ఇచ్చిన ఉత్తర్వు కనిపిస్తే, దానిమీద సెషన్స్ కోర్టులో అప్పీలుకు వెళ్లొచ్చని ఆ పిల్లవాడి అమ్మకు చెప్పండి.

జై భీమ్.