దస్తావేజులో దేర్‌ఆఫ్, మిర్చి యార్డులో అందుకే

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు చుట్టుపక్కల పాతకాపు ఇళ్లలో ఇనప్పెట్టె తెరిస్తే రెండు మూడు పొలం దస్తావేజులైనా బయటపడతాయి. పత్తి పండే నల్లరేగడైనా, మిర్చి వేసే మెట్టైనా రాత వరస ఒకటే. ‘ఏమనగా’ అని ఎత్తుకుని సదరు, మజుకూరు, ఇందుమూలముగా, ఇందలి, అందుకుగాను అంటూ లేఖరి ఊపిరి తిప్పుకోకుండా సాగిపోతాడు. చుక్క పెట్టేసరికి పేజీ నిండుతుంది.

సదరు, మజుకూరు ఫారసీ కచేరీల నుంచి వచ్చాయి. గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగు జాగీరు. 1782లో ఆయన పోయాక కూడా నిజాం దాన్ని వదల్లేదు, కంపెనీ చేతికి వచ్చేసరికి 1788 అయింది. ఆ వెనక ఇంగ్లిషు చట్టాలు వచ్చాయి. 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం కలిసి వంద రూపాయలు, ఆపైన విలువుండే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు కాగితం తప్పనిసరి చేశాయి. ఆ చట్టాలతో పాటే హియర్‌బై, దేర్‌ఆఫ్, వేర్‌ఇన్ అనే మాటలు ఇక్కడి వకీళ్ల బల్లల మీదికి చేరాయి.

వీటి తయారీ చిత్రంగా ఉంటుంది. ఇంగ్లిషులో విభక్తి పనిచేసే మాట సాధారణంగా నామానికి ముందు నిలబడుతుంది: ఇన్ ఇట్, ఆఫ్ దట్. ఇక్కడ మాత్రం తోకలా వెనక్కి పోయింది. పైగా ‘అది’ అనే సర్వనామం ఉండాల్సిన చోట ‘అక్కడ’ అనే క్రియావిశేషణం కూర్చుంది. దేర్ అంటే అక్కడ, ఇన్ అంటే లో. రెండూ కలిస్తే అచ్చంగా మన ‘అందులో’.

ఒకప్పుడు ఇది వకీళ్ల సొత్తేమీ కాదు. 1611లో అచ్చయిన జేమ్స్ రాజు బైబిల్లో ‘ఇట్స్’ అనే మాటే లేదు, ‘దాని’ అని చెప్పాల్సిన చోట చాలాసార్లు దేర్‌ఆఫ్ పనిచేసింది. షేక్‌స్పియర్ జూలియట్ మేడ మీద నుంచి వేర్‌ఫోర్ అని అడుగుతుంది. మన కాలేజీ నాటకాల్లో ఆ పిల్ల రోమియో ఎక్కడున్నాడా అని వెతికినట్టు కళ్లమీద చెయ్యి పెడుతుంది గానీ, ఆమె అడిగింది ‘ఎందుకు’ అని. నువ్వు రోమియోవి ఎందుకయ్యావు అనేదే ఆమె బాధ. కాలక్రమాన జనం నోట ఆఫ్ ఇట్, విత్ ఇట్ స్థిరపడ్డాయి. నిత్యవ్యవహారంలో గట్టిగా నిలిచింది దేర్‌ఫోర్ ఒక్కటేననాలి. మిగతావాటిని వకీళ్లు దాచుకున్నారు. చదివితే అందరికీ తెలిసిపోయే కాగితానికి ఫీజు అడగడం కష్టం కదా!

ఇంగ్లిషుకు దాయాది అయిన జర్మన్ అలా వదిలేయలేదు. ‘దానితో’ అనడానికి దామిట్, ‘దాన్నుంచి’ అనడానికి దాఫోన్ అని అక్కడ ఇప్పటికీ కూరగాయల కొట్లో కూడా అంటారు. 1842 జులై 31న గుంటూరులో దిగి లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లినవాడు. ఆయన చెవికి మన ‘అందుకు’, ‘ఇందులో’ మరీ కొత్తగా తగిలి ఉండవనుకుంటాను.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. ఇందు, అందు, ఎందు నన్నయ నాటికే ఉన్నవి. ఇవాళ ఒంటరిగా వినిపించడం తక్కువే గానీ, లో, కు, వల్ల తగిలించుకుని దర్జాగా తిరుగుతున్నాయి. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లండి. టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని వ్యాపారి అంటాడు:

“ఇందులో తాలు చాలా ఉంది బాబాయ్.”

“ఎందుకుంటది? ఏరించే తెచ్చానయ్యా.”

“అందుకే ఈ రేటైనా చెప్పా. ఇంకొకరైతే అదీ చెప్పరు.”

మూడు మాటల్లో ఒక హియర్‌ఇన్, ఒక వేర్‌ఫోర్, ఒక దేర్‌ఫోర్! లండన్ కోర్టు గుమాస్తా రోజంతా రాసే సరుకు ఇక్కడ పొద్దున్నే బేరంలో ఖర్చయిపోతుంది.

ఒక కట్టుబాటు మాత్రం మూడు భాషలకూ ఉమ్మడి. ఈ మాటలు వస్తువులకూ సంగతులకూ గానీ మనుషులకు సరిపడవు. రామయ్యకు డబ్బిచ్చి ‘అందుకు ఇచ్చాను’ అంటే ఏ పని కోసమని అడుగుతారు తప్ప రామయ్య ఎవరికీ గుర్తురాడు. మనిషైతే అతనికి, ఆయనకి అనాల్సిందే.

మాటకు విభక్తి తగిలే ఈ అల్లికను శాస్త్రంగా విప్పిచెప్పిన వారిలో పెద్దపేరు ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. రైతుల నోటి మాటలు ఏరి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. మీద, కింద, లోపల వంటివి చోటును చెప్పే నామాల్లా నడుస్తాయి, అందుకే వాటికి మళ్లీ విభక్తి అతుకుతుంది. బస్తా కిందికి, అటక మీద నుంచి, అందులోంచి అని మనం ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోగలం. ఇంగ్లిషు ‘ఫ్రమ్ అండర్’ అంటూ కొంత పేరుస్తుంది గానీ, మనకున్నంత చొరవ దానికి లేదు.

దస్తావేజు రాతను, జనం మాటను రెంటినీ బాగా ఎరిగిన మనిషి ఒకరు గుంటూరులోనే ఉండేవారు. ఉన్నవ లక్ష్మీనారాయణ డబ్లిన్‌లో బారిస్టరు చదివొచ్చిన వకీలు, హియర్‌బైలు ఆయనకు కొట్టిన పిండి. 1922లో అచ్చయిన ‘మాలపల్లి’ని మాత్రం ఆయన ఊరివాళ్లు మాట్లాడే తెలుగులో రాశారు. ఆ తెగువ రిజిస్ట్రారు కచేరీ అరుగు ఎక్కలేదు. 1998లో కంప్యూటర్లు వచ్చి లేఖరి చేతిరాతను సాగనంపాయి, సదరు, ఇందుమూలముగా నమూనా కాగితంలోకి భద్రంగా దిగిపోయాయి. ఇప్పటికీ వేలిముద్ర వేసే ముందు రైతు లేఖరిని అడుగుతాడు, “ఇంతకీ ఇందులో ఏం రాశారండీ?”