బడిగదిలో గాలి: పెద్దల కొలతలు, పిల్లల ఊపిరి

కిక్కిరిసిన గదిలో తల దిమ్మెక్కడం అందరికీ అనుభవమే. దానికి లెక్క కట్టింది మ్యూనిక్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్. గది గాలిలో కార్బన్ డయాక్సైడ్ వెయ్యో వంతు మించకూడదని 1858లో ఆయన హద్దు పెట్టాడు. ఆ మోతాదులో అది విషమని కాదు. మనుషులు వదిలిన గాలి బయటికి పోకుండా ఎంత నిలిచిపోయిందో అది పట్టిస్తుంది. పది లక్షల వంతుల్లో వెయ్యి, అంటే వెయ్యి పీపీఎం అన్న ఆ అంకె నేటికీ వాడుకలో ఉంది.

తర్వాత క్షయ భయం బడినే ఆరుబయటికి నడిపించింది. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బుర్గ్‌లో అడవి బడి వెలిసింది. 1907లో లండన్, 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్ అదే బాట పట్టాయి. చలికాలంలోనూ పిల్లలు దుప్పట్లు చుట్టుకుని చదివారు. 1930లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ డౌకర్ నాలుగంతస్తుల బడికి ఆరుబయలు తరగతులు కట్టాడు. క్షయకు మందులొచ్చాక ఈ ఉద్యమం చల్లబడింది.

ఈలోగా, ఉక్కపోతకు అసలు కారణం వేడి, తేమ, కదలని గాలి అని జర్మనీలో ఫ్లూగే అనే శాస్త్రవేత్త 1905లో తేల్చాడు. గాలి, వేడి ఒకే సమస్యకు రెండు ముఖాలని అప్పుడే తెలిసింది. కానీ 1973 చమురు సంక్షోభంతో, ఇంధనం పొదుపు చేయాలని కిటికీలు బిగించేశారు. మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలని 1981లో అమెరికా ప్రమాణం చెప్పింది. జనం జబ్బుపడే భవనాల మీద ఫిర్యాదులు పెరిగాక, 1989లో తరగతి గదులకు దాన్ని 15 చేశారు.

వేడి లెక్కకు కొలత పెద్దలే. ఎంత వేడి హాయిగా ఉంటుందో చెప్పేందుకు 1970లో ఫాంగర్ అనే శాస్త్రవేత్త రాసిన సూత్రానికి ఆధారం ఎక్కువగా కాలేజీ విద్యార్థులు. 2012లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ప్రాథమిక బడి పిల్లలనే అడిగితే, ఆ సూత్రం చెప్పినదానికన్నా సుమారు 4 డిగ్రీలు తక్కువ వేడే వాళ్లకు హాయిగా ఉందని తేలింది. గదిని చల్లబరిచి, గాలి పెంచితే పిల్లల పని వేగం పెరిగిందని డెన్మార్క్ ప్రయోగాలు 2007లో చూపాయి.

మన రాష్ట్రాల్లో ఎండాకాలపు ఒంటిపూట బడులు మంచి ఏర్పాటే. అయితే అవి గడియారాన్ని మారుస్తాయి, గదిని కాదు. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన కప్పు, కప్పు మీద సున్నం పూత ఖరీదైనవేం కావు. ఉక్కగా ఉందని లేచి కిటికీ తీసే స్వతంత్రం ఆరేళ్ల పిల్లకు ఉండదు. అందుకే కొత్త గదిని పిల్లలు నిండుగా కూర్చున్నప్పుడు గాలి, వేడి కొలిచి చూశాకే బడికి అప్పగించాలి.