దేవత చాటున వచ్చిన రాణులు

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో టైబీరియస్ చక్రవర్తి డెనారియస్‌లు ఉన్నాయి. బొమ్మ వైపు చక్రవర్తి. బొరుసు వైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న ఒక స్త్రీ. శాంతిదేవత పాక్స్ అని కొందరు, ఆ రూపంలో ఉన్నది చక్రవర్తి తల్లి లివియాయే అని కొందరు అంటారు. ఆమె పేరు మాత్రం వేయలేదు. రోమన్ వెండి మీదికి రాణులు తొలుత ఇలా దేవతల చాటునే వచ్చారని నాకనిపిస్తుంది.

డెనారియస్ పుట్టింది క్రీ.పూ. 211 ప్రాంతంలో, శత్రు సేనాని హానిబల్‌తో యుద్ధం సాగుతుండగా. దాని మీది తొలి ముఖం శిరస్త్రాణం ధరించిన రోమా దేవత. బతికున్న మనిషి బొమ్మ వేయడం గణతంత్రానికి గిట్టని పని. రోమ్‌లో ఆ కట్టుబాటును క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ తెంచాడు. పన్నెండేళ్లకు రోమన్ నాయకుడు ఆంటోనీ తన డెనారియస్ మీద ఈజిప్టు రాణి క్లియోపాత్రాను పేరుతో సహా వేయించాడు. సొంత రాణులకు ఆ గౌరవం దక్కడానికి రోమ్ ఇంకా చాలాకాలం తీసుకుంది.

ఆ గౌరవం ఎంత నిలకడ లేనిదో నీరో చక్రవర్తి తల్లి అగ్రిప్పినా నాణేలు చెబుతాయి. క్రీ.శ. 54లో పదహారేళ్ల నీరో గద్దెనెక్కగానే తల్లీకొడుకుల ముఖాలు ఎదురెదురుగా ముద్రించారు. బొమ్మ వైపు రాసింది తల్లి పేరు, కొడుకు పేరు బొరుసు వైపు. మరుసటి ఏడాది నాణెంలో నీరో ముందుకొచ్చాడు, తల్లి ముఖం వెనక్కి జరిగింది, ఆమె పేరు బొరుసుకు మారింది. ఆపైన ఆమె బొమ్మే లేదు. 59లో కొడుకే ఆమెను చంపించాడు. అంతఃపుర రాజకీయాన్ని ఇంత సూటిగా చూపిన లోహం మరొకటి నేనెరుగను.

పెద్ద ఫౌస్టినా కథ వేరు. 140లో ఆమె చనిపోతే భర్త ఆంటోనినస్ పయస్ చక్రవర్తి ఆమెను దేవతల్లో చేర్పించి, తాను పోయేదాకా, అంటే 161 వరకు, ఆమె నాణేలు వేయిస్తూనే ఉన్నాడు. బొరుసు మీద పంటల తల్లి సెరెస్, వివాహాల దేవత జూనో. కూతురు చిన్న ఫౌస్టినా డెనారియస్ ఒకదాని మీద ఆసనంపై ఇద్దరు పసివాళ్లు ఉంటారు. 161లో పుట్టిన కవలలు వాళ్లేనంటారు. అందులో ఒకడు తర్వాత చక్రవర్తి అయిన కొమోడస్.

సిరియా ఆడపడుచు, రోమన్ రాణి జూలియా డోమ్నా కాలానికి బిడ్డకు పాలిస్తున్న ఈజిప్టు దేవత ఐసిస్ కూడా నాణేల మీదికి వచ్చింది. అప్పటికి డెనారియస్‌లో వెండి దాదాపు సగానికి పడిపోయింది.

275లో ఔరేలియన్ చక్రవర్తి హత్య జరిగాక కొంతకాలం అతని భార్య సెవెరినా ఒక్కదాని పేరుతోనే నాణేలు పడ్డాయని కొందరు పండితుల అభిప్రాయం. ఆ నాణేల్లో వెండి నూటికి ఐదు పాళ్లు.