డిక్రీ సొమ్ము వసూలు: పుట్టుపూర్వోత్తరాలు

కోర్టు తీర్పు చెప్పినంత మాత్రాన బాకీ చేతికి రాదు. ప్రామిసరీ నోటు మీద దావా గెలిచిన డిక్రీదారు, సొమ్ము రాబట్టుకోవడానికి మళ్లీ కోర్టులోనే అమలు దరఖాస్తు వేసుకోవాలి. వకీళ్లూ గుమాస్తాలూ దీన్ని ఇ.పి. అంటారు. గద్వాల, అలంపూర్ కోర్టుల్లో వడ్డేపల్లి వైపు రైతులకూ వ్యాపారులకూ ఈ మాట కొత్తది కాదు. దీని వెనకున్న చరిత్ర మాత్రం చాలా పాతది. అప్పిచ్చినవాడి చెయ్యి బాకీదారు ఒంటి మీద నుంచి అతని ఆస్తి మీదికి మళ్లడానికి శతాబ్దాలు పట్టింది.

బాకీ వసూలుకు మనుస్మృతి అయిదు మార్గాలు చెప్పింది: మంచిమాట, దావా, ఉపాయం, ఆచారం, బలం. ఆచారమంటే బాకీదారు వాకిట్లో కూర్చోవడం, అతని భార్యాబిడ్డలనో పశువులనో పట్టి ఉంచడం అని వ్యాఖ్యాతలు వివరించారు. యాజ్ఞవల్క్యస్మృతి వసూలులో కులం చూసింది. చెల్లించలేని తక్కువ కులంవాడి చేత పని చేయించుకోమంది, బ్రాహ్మణుడి దగ్గర రాబడిని బట్టి మెల్లగా తీసుకోమంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను తిక్కన కాలంవాడైన కేతన 13వ శతాబ్దిలోనే ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు చేశాడు.

ఆ శతాబ్ది చివర దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో తమిళ తీరంలో మరో పద్ధతి చూశాడు. అప్పులవాడు బాకీదారు చుట్టూ గిరి గీస్తే, బాకీ తీర్చనిదే అతను అది దాటకూడదు, దాటితే మరణదండనే. ఒక వర్తకుడు గుర్రం మీదున్న రాజు చుట్టూనే గిరి గీశాడట. అతనికి రావలసింది ముట్టేదాకా రాజు కదలలేదు. వాకిట్లో ధర్నా కూర్చునే అలవాటు బ్రిటిష్ కాలం దాకా సాగింది. దైవాగ్రహం తగులుతుందని భయపెట్టడాన్ని నేరం చేసిన 1860 శిక్షాస్మృతి 508వ సెక్షన్ ధర్నానే ఉదాహరణగా చూపింది.

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. హైదరాబాదులో అప్పులిచ్చే అరబ్బులు బాకీదారులను సొంత ఇళ్లలోనే బంధించిన రోజులున్నాయి. 1853లో దివానైన మొదటి సాలార్ జంగ్ దాన్ని అదుపులోకి తెచ్చాడు. తర్వాత 1323 ఫస్లీలో, అంటే 1913-14 ప్రాంతంలో, రాజ్యానికి సివిల్ ప్రొసీజర్ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 1908 నాటి భారత సివిల్ ప్రొసీజర్ స్మృతి అమల్లోకి వచ్చింది. ఇప్పటి వసూలంతా ఆ స్మృతిలోని 21వ ఆర్డర్ ప్రకారమే.

కోర్టు గడప తొక్కని అప్పుల సంగతి వేరు. పేదవాడు బాకీ కింద భగేలాగా, అంటే అప్పుకు కట్టుబడ్డ పనివాడిగా, ఏళ్ల తరబడి చాకిరీ చేసేవాడు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ అప్పులను కొట్టేసింది. అంతకుముందు వాటి మీద వచ్చి, పూర్తిగా వసూలు కాని డిక్రీలు కూడా చెల్లిపోయినట్టే అంది. ఈ చరిత్రలో ఇదొక పెద్ద మలుపు.

ఇప్పుడు డిక్రీదారుకు ప్రధానంగా ఉన్న మార్గాలు జప్తు, వేలం, జీతం పట్టివేత, మూడోమనిషి దగ్గరున్న సొమ్ము నిలుపుదల, రిసీవరు నియామకం, అరెస్టు. ఆస్తి వేరే కోర్టు పరిధిలో ఉంటే డిక్రీని అక్కడికి బదిలీ చేయించుకోవాలి. డిక్రీ అమలుకు గడువు 12 ఏళ్లు.

భూమిని జప్తు చేస్తే ఆ చోట దండోరా వేయించి, నోటీసును భూమి మీదా కోర్టు దగ్గరా అంటిస్తారు. వేలంలో పాట దక్కించుకున్నవాడు అప్పటికప్పుడే 25 శాతం, 15 రోజుల్లో మిగతాది కట్టాలి. అయినా బాకీదారుకు చివరి అవకాశం ఒకటుంది. 60 రోజుల్లో బాకీతోపాటు పాటదారుకు వేలం ధరలో 5 శాతం డిపాజిట్ చేస్తే వేలం రద్దవుతుంది.

కొన్నిటిని మాత్రం కోర్టు ముట్టుకోదు. సివిల్ ప్రొసీజర్ స్మృతి 60వ సెక్షన్ కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక, రైతు ఉండే ఇల్లు, సాగు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమైన ఎడ్లు, విత్తనాలను వదిలేయమంటుంది. పనివాడి పనిముట్లకూ అదే రక్ష. గద్వాల చీర నేసే మగ్గాన్ని బాకీ కింద ఎత్తుకుపోకూడదు. పత్తి విత్తనాల సాగు చేసే వడ్డేపల్లి రైతుకు మాత్రం ఇల్లు మిగిలినా పొలం మిగులుతుందన్న భరోసా లేదు. జీతగాళ్లకైతే మామూలు డిక్రీల్లో మొదటి 1,000 రూపాయలూ, ఆపై మొత్తంలో మూడింట రెండు వంతులూ మినహాయింపు.

అరెస్టుకూ హద్దులు వచ్చాయి. సొమ్ము డిక్రీ కింద ఆడవాళ్లను జైలుకు పంపరు. బాకీ 2,000 రూపాయలు దాటకపోతే ఎవరినీ పంపరు. పంపినా 5,000 వరకు ఆరు వారాలు, ఆపైన మూడు నెలలు మించకూడదు. ఆ రోజుల తిండి ఖర్చు డిక్రీదారే ముందుగా కట్టాలి. జైలుకు వెళ్లివచ్చినా బాకీ మాఫీ కాదు. చేతిలో ఉండి ఎగ్గొట్టేవాడికే తప్ప, చేతిలో లేక కట్టలేనివాడికి జైలు కూడదని 1980లో జాలీ జార్జ్ వర్ఘీస్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు.

ఈ రక్షణలన్నీ న్యాయమైనవే. జాప్యం మాత్రం వేరే రోగం. భారతదేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని అప్పటి అత్యున్నత కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1872లోనే గుర్తించింది. అమలు దరఖాస్తులను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది, 2025లో మళ్లీ హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించింది. దేశం మొత్తం మీద అప్పటికి పెండింగులో ఉన్నవి 8.8 లక్షలకు పైనే.