పాత మోటార్‌హోమ్‌లో స్విచ్‌లు: ఉప్పుగాలి ప్రాంతాల్లో మరమ్మతు ఎప్పుడు, మార్పు ఎప్పుడు

అండమాన్ నికోబార్ దీవుల్లో ఏ ఊరూ సముద్రానికి దూరం కాదు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలోని తేమ, ఉప్పు కలిసి రాగి, ఇత్తడి భాగాలపై చిలుము పట్టిస్తాయి. పడక, వంటగది అమర్చిన పాతకాలపు మోటార్‌హోమ్‌లలో త్వరగా దెబ్బతినే భాగాల్లో స్విచ్‌లు ముఖ్యమైనవి.

ఇటువంటి వాహనాల్లో సాధారణంగా రెండు విద్యుత్ వ్యవస్థలు ఉంటాయి. ఒకటి 12 వోల్టుల బ్యాటరీ నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. రెండవది బయటి నుంచి తీసుకునే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. పని ప్రారంభించే ముందు బయటి ప్లగ్గును తీసివేయాలి. బ్యాటరీ నుంచి వాహనం బాడీకి కలిపిన తీగను విడదీయాలి. సౌర ఫలకం ఉంటే దానినీ వేరుచేయాలి.

స్విచ్ లోపాన్ని మల్టీమీటరుతో గుర్తించవచ్చు. ఈ పరీక్షకు మాత్రం బ్యాటరీని తిరిగి కలిపి, దీపం వెలిగించి, 12 వోల్టుల స్విచ్ రెండు కొసల మధ్య వోల్టేజీని కొలవాలి. అది దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపిస్తే లోపలి స్పర్శభాగాలు పాడైనట్లే. 5 ఆంపియర్ల ప్రవాహం వద్ద ఆ అర వోల్టు స్విచ్ లోపలే రెండున్నర వాట్ల వేడిగా మారుతుంది.

చిలుము బయటి కొసలకే పరిమితమైతే శుభ్రపరచి, మరలు బిగిస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కరిగినా, నల్లబడినా, మీట వదులైనా స్విచ్‌ను మార్చాలి.

విడిభాగాలు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి నౌకల్లో రావలసిన చోట, అందుబాటులో ఉన్న ఇంటి స్విచ్‌ను బిగించడం సులభమనిపిస్తుంది. అది ప్రమాదకరం. వోల్టేజీ తక్కువైనా ప్రవాహం తక్కువ కాదు. 60 వాట్ల పరికరం 230 వోల్టుల వద్ద పావు ఆంపియరుకు కాస్త ఎక్కువ తీసుకుంటే, 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. పైగా ఏసీ ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది కనుక స్విచ్ తెరిచినప్పుడు పుట్టే నిప్పురవ్వ త్వరగా ఆరిపోతుంది. డీసీలో ఆ విరామం లేదు. అందువల్ల డీసీ వోల్టులు, ఆంపియర్లు ముద్రించిన స్విచ్‌నే ఎంచుకోవాలి. ఐపీ67 ప్రమాణం గల స్విచ్‌లోకి దుమ్ము, నీరు సులభంగా చేరవు.

పంపు, ఫ్యాను వంటి ఎక్కువ ప్రవాహం తీసుకునే పరికరాలకు రిలే అమర్చితే స్విచ్‌పై భారం తగ్గుతుంది. తగరపు పూత గల రాగి తీగ వాడాలి. తీగ మందానికి తగిన ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ఫ్యూజు తరచూ పోతుంటే పెద్దది వేయక, కారణం వెతకాలి.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. అక్కడి జంగ్లీఘాట్ వంటి చోట్ల తెలుగు మత్స్యకారుల పడవల్లోని 12 వోల్టుల స్విచ్‌లకూ ఇవే నియమాలు వర్తిస్తాయి.

కొత్త స్విచ్ బిగించాక పరికరాన్ని పదిహేను నిమిషాలు నడిపి, పైభాగాన్ని తాకి చూడాలి. వేడిగా అనిపిస్తే ఆపివేసి, బిగింపును మళ్లీ పరిశీలించాలి. 230 వోల్టుల వైపు పనిని మాత్రం లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.